‘గెట్’కి ఫ్రెంచ్‌లో ఏమంటారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన మెయిల్స్ అన్నీ వరసగా చదివితే అందరిదీ ఒకటే బాధ, ఇంగ్లీష్ క్రియలు. గెట్, టేక్, పుట్ ఆఫ్, గివ్ అప్, రన్ అవుట్... వీటిని ఫ్రెంచ్‌లోకి ఎలా తేవాలి అని. అందుకే ఉచ్చారణ ప్రశ్నలు, వీసా ఇంటర్వ్యూ ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నా. ఫ్రెంచ్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తే ఉచ్చారణ దగ్గరదగ్గరగానే వస్తుంది, పూర్తిగా రాదు, కాబట్టి ఏదైనా ఆన్‌లైన్ డిక్షనరీలో ఆడియో కూడా ఒకసారి వినండి.

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ సెకండియర్, సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. ‘గెట్’కి ‘ఒబ్తెనీర్’ అని నేర్చుకున్నా. ‘ఐ గాట్ అప్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ హోమ్’ అన్నిటికీ అదే వాడితే అన్నీ తప్పు కొట్టేశారు. అసలు గెట్‌కి కరెక్ట్ మాట ఏది? – ఒక విద్యార్థిని, హైదరాబాద్

అలాంటి మాట ఒక్కటంటూ లేదమ్మా, దాని కోసం వెతకడం ఇవాళే ఆపెయ్. నువ్వు రాసిన మూడు వాక్యాలూ ముందు తెలుగులో అనుకో. లేచాను, కోపం వచ్చింది, ఇంటికి చేరాను. మూడూ మూడు వేరే పనులు కదా, తెలుగులో ఎవరూ మూడింటికీ ఒకే క్రియ వాడరు. ఫ్రెంచ్ కూడా అంతే. లేవడం ‘సె లెవే’, కోపం రావడం ‘సె ఫాషే’ లేదా ‘సె మెత్ర్ ఆన్ కొలేర్’, ఇంటికి చేరడం ‘రాంత్రే’. అలాగే ఉత్తరం వచ్చిందనడానికి ‘రెసెవ్వార్’, జోక్ అర్థమైందనడానికి ‘కోంప్రాండ్ర్’, వెళ్ళి పిల్లల్ని తీసుకురావడానికి ‘అలే షెర్షే’, బస్సు ఎక్కడం ‘మోంతే’, దిగడం ‘దెసాండ్ర్’, ఎవరితోనైనా బాగా పడితే ‘సాంతాండ్ర్ అవెక్’. నీకు నేర్పిన ఒబ్తెనీర్ తప్పు మాట కాదు, కాకపోతే అది కష్టపడో అప్లై చేసో సంపాదించుకునే వాటికి, అంటే డిగ్రీ, వీసా, పర్మిషన్ లాంటి వాటికి.

ఇంకో రెండు విషయాలు చెప్తా, ఇవి పట్టుకుంటే గెట్ బాధ చాలావరకు తీరిపోతుంది.

మొదటిది, ఇంగ్లీష్‌లో గెట్ తర్వాత విశేషణం వస్తే, గెట్ ఓల్డ్, గెట్ ఫ్యాట్, గెట్ థిన్ ఇలా, ఫ్రెంచ్‌లో చాలాసార్లు ఆ విశేషణం లోంచే ఒక క్రియ పుట్టి ఉంటుంది, చివర ‘ఈర్’ వస్తుంది. ముసలితనం రావడం ‘వియేయీర్’, లావెక్కడం ‘గ్రోసీర్’, చిక్కిపోవడం ‘మేగ్రీర్’, ఎర్రబడటం ‘రూజీర్’, పసుపుపచ్చబడటం ‘జోనీర్’, పాలిపోవడం ‘పాలీర్’. మనం ఎర్రబడటం, నల్లబడటం అని రంగుకి ‘పడు’ తగిలించినట్టే వాళ్ళు ‘ఈర్’ తగిలిస్తారు.

రెండోది ‘సె’. దీన్ని క్లాసులో రిఫ్లెక్సివ్ అని చెప్పి ‘తనని తాను’ అని అర్థం రాయిస్తారు, పిల్లలు భయపడిపోతారు. మన ‘కొను’ గుర్తుచేసుకోండి. కడగడం వేరు, కడుక్కోవడం వేరు కదా. ‘లావే’ కడగడం, ‘సె లావే లే మాన్’ చేతులు కడుక్కోవడం. ‘సె రాజే’ గడ్డం గీసుకోవడం, ‘సాబియే’ బట్టలు వేసుకోవడం, ‘సె కూషే’ పడుకోవడం, ‘సె మార్యే’ పెళ్ళి చేసుకోవడం, ‘సె దెబరాసే ద’ వదిలించుకోవడం. ఇంగ్లీష్‌లో ‘ఐ వాష్ మై హాండ్స్’ అని ‘మై’ పెట్టాలి, ఫ్రెంచ్‌లో ‘నా’ అక్కర్లేదు, ‘జె మె లావ్ లే మాన్’ అంటే చాలు, మనం ‘చేతులు కడుక్కున్నా’ అంటే ఎవరి చేతులు అని ఎవరూ అడగరు కదా, అదే లెక్క. అన్నిచోట్లా కుదరదు, ఉదాహరణకి ‘సె త్రోంపే’ అంటే పొరపడటం, అందులో మనకి ‘కొను’ లేదు, అలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాలి. కానీ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనపడలేదు.

ప్రశ్న: నమస్తే అండి. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాస్తున్నా. ఫ్రేజల్ వెర్బ్స్ లిస్ట్ ఒకటి డౌన్‌లోడ్ చేసి ఒక్కోదానికి ఫ్రెంచ్ బట్టీ పడుతున్నా కానీ మాట్లాడేటప్పుడు ఏదీ గుర్తురావట్లేదు. ‘రన్ అవుట్’, ‘స్విమ్ అక్రాస్’ లాంటివి అయితే డిక్షనరీలో వెతికినా సరిగ్గా దొరకట్లేదు. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిజామాబాద్

ఆ లిస్ట్ పక్కన పెట్టెయ్యండి, నిజంగానే చెప్తున్నా. ఫ్రేజల్ వెర్బ్ అనేది ఇంగ్లీష్ వాళ్ళ సొంత ఏర్పాటు, చిన్న క్రియకి అప్, అవుట్, ఆఫ్, అక్రాస్ అని ఒక ముక్క తగిలించి కొత్త అర్థం తెస్తారు. ఫ్రెంచ్‌లో ఆ ముక్కలు లేవు, తెలుగులోనూ లేవు. మీ మాతృభాషలో లేనిది, మీరు నేర్చుకునే భాషలో లేనిది, మధ్యలో ఎందుకు మోస్తున్నారు?

‘స్విమ్ అక్రాస్’ సంగతి చూడండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ‘షి స్వామ్ అక్రాస్ ద రివర్’ అన్నప్పుడు ఇంగ్లీష్‌లో అసలు క్రియ ఈదడం, దాటడం అనేది అక్రాస్‌లో దాక్కుంది. తెలుగులో ఏమంటాం? ‘ఏరు ఈదుకుంటూ దాటింది’. దాటడం అసలు క్రియ అయింది, ఈదడం పక్కకి వెళ్ళింది. ఫ్రెంచ్‌లో ‘ఎల్ ఆ త్రవెర్సే లా రివియేర్ ఆ లా నాజ్’. త్రవెర్సే అంటే దాటడం, ఆ లా నాజ్ అంటే ఈతతో. అచ్చం మనలాగే. ‘హీ రాన్ అవుట్’ కి ‘పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు’, ఫ్రెంచ్‌లో ‘ఇల్ ఎ సోర్తి ఆన్ కురాన్’. సోర్తీర్ బయటికి రావడం, ఆన్ కురాన్ పరిగెత్తుకుంటూ. ‘ఆన్’ పెట్టి క్రియ చివర ‘ఆన్’ వచ్చేలా చేస్తే అది మన ‘తూ’, ‘కుంటూ’ అనుకోండి. లియొనార్డ్ తాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త భాషల్ని ఇలా రెండు గుంపులు చేశాడు, కదలిక ఎటు అనేది క్రియలోనే చెప్పేవి ఒక గుంపు, క్రియ పక్కన చిన్న ముక్కతో చెప్పేవి ఇంకో గుంపు. ఫ్రెంచ్, స్పానిష్ మొదటి దాంట్లో, ఇంగ్లీష్, జర్మన్ రెండో దాంట్లో. మన ఎక్కు, దిగు, దాటు చూస్తే ఈ విషయంలో మనం ఎటువైపో మీకే తెలుస్తుంది. అనువాదం నేర్పే చోట ఈ తిరగేయడాన్ని ‘షాసే-క్రోవాజే’ అంటారు, ఇంగ్లీష్ వాళ్ళకి దీన్ని ప్రత్యేకంగా పాఠం పెట్టి నేర్పాలి, తెలుగువాళ్ళం మాత్రం ఇంగ్లీష్ మధ్యలోకి రానివ్వకపోతే చాలు.

కదలిక లేని ఫ్రేజల్ వెర్బ్స్‌కి కూడా ఇదే పద్ధతి. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, ‘రెపోర్తే’ లేదా ‘రెమెత్ర్ ఆ ప్లు తార్’. పుట్ అవుట్ అంటే ఆర్పడం, ‘ఎతాంద్ర్’. పుట్ అవే అంటే సర్దడం, ‘రాంజే’. పుట్ అప్ విత్ అంటే భరించడం, ‘సుపోర్తే’, ఇది సపోర్ట్ లాగా వినిపిస్తుంది జాగ్రత్త, ‘జె నె ల సుపోర్త్ పా’ అంటే నేను ఆయన్ని సపోర్ట్ చెయ్యట్లేదు అని కాదు, ఆయన్ని అస్సలు భరించలేను అని! మద్దతివ్వడానికి ‘సుత్‌నీర్’. గివ్ అప్ కి మాత్రం కాస్త ఆలోచించాలి. సిగరెట్ మానేస్తే ‘అరేతే ద ఫ్యుమే’, ఆటలో పోటీలో మధ్యలో వదిలేస్తే ‘అబాందొనే’, హక్కునో ఆశనో వదులుకుంటే ‘రెనోన్సే ఆ’, ఫ్రెండ్‌తో ‘వదిలెయ్ రా’ అనాలంటే ‘లేస్ తోంబే’. పాలు అయిపోయాయి అనడానికి రన్ అవుట్ ఆఫ్ అక్కర్లేదు, ‘ఇల్ నియా ప్లు ద లే’, ఇక పాలు లేవు, అంతే.

టెఫ్ కెనడా స్పీకింగ్‌లో రెండు భాగాలుంటాయని మీకు తెలిసే ఉంటుంది. మొదటిదాంట్లో ఒక ప్రకటన చూసి ఫోన్ చేసినట్టు వివరాలు అడగాలి, అక్కడ ‘వూ’, మన మీరు. రెండోదాంట్లో ఫ్రెండ్‌ని దేనికో ఒప్పించాలి, అక్కడ ‘త్యు’, మన నువ్వు. ఈ తేడా ఇంగ్లీష్‌లో లేదు, మీకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఇంగ్లీష్‌లో ఆలోచించుకుని మార్చుకుంటూ పోతే ఇదీ పోతుంది, టైమూ పోతుంది.

ప్రశ్న: ‘నేను ఇల్లు కట్టించాను’ అని ఫ్రెంచ్‌లో చెప్పాలంటే? ‘ఐ బిల్ట్ ఎ హౌస్’ అని చూస్తే నేనే ఇటుకలు పేర్చినట్టు వస్తోంది. – రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

మీ అనుమానం చాలా సరైనది మాష్టారూ. ఫ్రెంచ్‌లో ‘ఫేర్’ అని ఒక క్రియ ఉంది, చెయ్యడం అని అర్థం, దాని వెనకాల ఇంకో క్రియ పెడితే అది మన ‘ఇంచు’ అయిపోతుంది. ‘కోన్స్త్రుయిర్’ కట్టడం, ‘ఫేర్ కోన్స్త్రుయిర్’ కట్టించడం. ‘జే ఫే కోన్స్త్రుయిర్ యున్ మేజోన్’, ఇల్లు కట్టించాను. మేస్త్రీ ఎవరో చెప్పక్కర్లేదు. బండి రిపేర్ చేయించడం ‘ఫేర్ రెపారే’, నవ్వించడం ‘ఫేర్ రీర్’, ఏడిపించడం ‘ఫేర్ ప్లొరే’, నీళ్ళు మరిగించడం ‘ఫేర్ బుయీర్’, కూర ఉడికించడం ‘ఫేర్ క్వీర్’. వంటింట్లో అయితే ఈ ఫేర్ లేకుండా పూట గడవదు.

జుట్టు కత్తిరించుకున్నా అనేది ఇంకా అందంగా ఉంటుంది, ఎందుకంటే మనం సెలూన్‌కెళ్ళి కూడా ‘కత్తిరించుకున్నా’ అంటాం, వాళ్ళు మాత్రం ‘సె’ ప్లస్ ‘ఫేర్’ రెండూ పెట్టి ‘జె మె స్వీ ఫే కూపే లే షెవె’ అంటారు, కత్తిరింపించుకున్నా అన్నట్టు. ఒక్క వ్యాకరణం సంగతి, ఇంకో క్రియ ముందు ఈ ‘ఫే’ ఎప్పటికీ మారదు, మాట్లాడేది ఆడవాళ్ళయినా చివర అదనపు అక్షరం చేర్చకూడదు, చాలామంది దీనికి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇంకోటి, ‘మేడ్ మి హ్యాపీ’ అన్నప్పుడు మేక్ ఉంది కదా అని ఫేర్ పెట్టొద్దు. విశేషణం వస్తే ‘రాండ్ర్’, ‘సా మా రాందు యొరె’. క్రియ వస్తే ఫేర్, విశేషణం వస్తే రాండ్ర్.

ప్రశ్న: అక్కా, ‘ఐ మిస్ యూ’ కి ‘తు మె మాంక్’ అంటారంట. అంటే నువ్వు నన్ను మిస్ అవుతున్నావ్ అని కదా అర్థం, తిరగబడిపోలేదా? – బీటెక్ విద్యార్థి, వరంగల్

ఇంగ్లీష్ లోంచి చూస్తే తిరగబడినట్టే ఉంటుంది తమ్ముడూ. తెలుగులో ‘నువ్వు నాకు గుర్తొస్తున్నావ్’ అను. ‘నువ్వు’ కర్త, ‘నాకు’ పక్కన, క్రియ చివర ‘వ్’ నీకోసం వచ్చింది. ‘తు’ నువ్వు, ‘మె’ నాకు, ‘మాంక్’ లోటవుతున్నావ్. తిరగబడిందేమీ లేదు. అమ్మానాన్న గుర్తొస్తున్నారంటే ‘మే పరాన్ మె మాంక్’, పలకడం ఒకేలా ఉన్నా రాసేటప్పుడు బహువచనం చెయ్యాలి, వాళ్ళు ఇద్దరు కాబట్టి.

ఫ్రెంచ్‌లో ఈ ‘నాకు’ వాక్యాలు బోలెడు. ‘ఇల్ మె ఫో’ నాకు కావాలి. ‘సా మె ప్లే’ నాకు నచ్చింది. ‘సా మె స్యుఫీ’ నాకు చాలు. ‘ఇల్ మె రెస్త్ సాన్ యురో’ నాకింకా వంద యూరోలు మిగిలాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లలు వీటన్నిటినీ ‘ఐ’ తో మొదలుపెట్టడానికి ప్రయత్నించి ఇబ్బంది పడతారు, నాకు చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇంట్లో రోజంతా వాళ్ళు మాట్లాడేది ఈ వాక్యాలే.

కానీ ఒకచోట మన ‘నాకు’ పనిచెయ్యదు. ఆకలేస్తోంది, చలేస్తోంది, దాహమేస్తోంది, భయమేస్తోంది, వీటికి ఫ్రెంచ్ వాళ్ళు ‘నా దగ్గర ఉంది’ అనే ‘అవ్వార్’ వాడతారు. ‘జే ఫాన్’, ‘జే ఫ్రువా’, ‘జే స్వాఫ్’, ‘జే పర్’. ఉక్కగా ఉంటే ‘జే షో’ అనే అనాలి, ఇంగ్లీష్‌లో ‘ఐ యామ్ హాట్’ ఉంది కదా అని ‘జె స్వీ షో’ అంటే వేరే అర్థం వస్తుంది, నలుగురిలో నవ్వుతారు.

ప్రశ్న: ‘బ్రింగ్’కి అపోర్తే అని ఒకచోట, అమ్నే అని ఒకచోట ఉంది. ‘టేక్’కి ఇంకో రెండు. ఎప్పుడు ఏది? – గుంటూరు

తీసుకురా అనే మాట పక్కన పెట్టి ‘పట్టుకురా’, ‘వెంటబెట్టుకురా’ అని విడగొట్టండి. వస్తువు పట్టుకురావడం అపోర్తే, మనిషిని వెంటబెట్టుకురావడం అమ్నే. పట్టుకెళ్ళడం ఆంపోర్తే, వెంటబెట్టుకెళ్ళడం ఆంమ్నే. ‘పోర్తే’ అంటే మోయడం, ‘మెనే’ అంటే నడిపించుకెళ్ళడం, రెండు జతలూ వీటి లోంచే వచ్చాయి. హోటల్ బయట ‘ఆ ఆంపోర్తే’ అని బోర్డుంటే పార్సిల్ అన్నమాట. ఫ్రాన్స్‌లో మామూలు మాటల్లో వస్తువులకి కూడా అమ్నే అనేవాళ్ళు కనిపిస్తారు, పరీక్షలో మాత్రం తేడా పాటించండి.

ప్రశ్న: ‘కెన్’ అంటే ‘పువ్వార్’ కదా. ‘నాకు ఈత వచ్చు’కి ‘జె పె నాజే’ అంటే మా మేడం ‘జె సే నాజే’ అని దిద్దారు. సే అంటే తెలుసు కదా? – విశాఖపట్నం

మీ మేడం సరిగ్గా దిద్దారు. మనకి ‘వచ్చు’ వేరు, ‘గలను’ వేరు. నేర్చుకున్న విద్య అయితే వచ్చు, దానికి ‘సవ్వార్’: ఈత వచ్చు, వంట వచ్చు, డ్రైవింగ్ వచ్చు. ఇప్పుడు ఈ పరిస్థితిలో కుదురుతుందా అన్నదానికి ‘పువ్వార్’. కాలు విరిగి కట్టు కట్టుకున్న మనిషి ‘జె సే నాజే మే జె నె పె పా’ అంటాడు, ఈత వచ్చు కానీ ఇప్పుడు ఈదలేను అని. లోపలికి రావచ్చా అని అడగడానికీ పువ్వారే.

‘నో’ (know, తెలుసు) అనే ఇంగ్లీష్ మాట దగ్గర ఇంకో చీలిక ఉంది, సవ్వార్, ‘కొనేత్ర్’. మనుషుల్ని, ఊళ్ళని, పాటల్ని ఎరగడం కొనేత్ర్. ఒక సంగతి తెలియడం సవ్వార్. తెలుగులో రెండింటికీ ‘తెలుసు’ అనేస్తున్నాం కాబట్టి ఇక్కడ మన భాష సాయం తక్కువ, కానీ పెద్దవాళ్ళు ‘ఆయన్ని ఎరుగుదును’ అంటారే, ఆ ఎరగడమే కొనేత్ర్ అని గుర్తుపెట్టుకుంటే తప్పు రాదు. ‘ఆయన ఎక్కడుంటాడో’, ‘ఆయన వస్తాడని’ ఇలా వాక్యం వెనకాల వస్తే సవ్వార్ తప్ప కొనేత్ర్ రానే రాదు.

ప్రశ్న: పాసే కోంపోజేలో (జరిగిపోయిన పనికి వాడే భూతకాలం) కొన్నిటికి ఎత్ర్ (ఉండటం), కొన్నిటికి అవ్వార్ సహాయక క్రియగా వస్తాయి. అది బట్టీ పట్టేశా. కానీ ‘దెసాండ్ర్’ రెండింటితోనూ కనిపిస్తోంది, ఏది కరెక్ట్? – కాకినాడ

రెండూ కరెక్టే. దిగడం, దించడం, అదే తేడా. ‘జె స్వీ దెసాందు’ నేను దిగాను. ‘జే దెసాందు లా వలీజ్’ సూట్‌కేస్ దించాను. ఎక్కాను ‘జె స్వీ మోంతే’, సామాను పైకి ఎక్కించాను ‘జే మోంతే లే బగాజ్’. బయటికొచ్చాను ‘జె స్వీ సోర్తి’, కుక్కని బయటికి తీసుకెళ్ళాను ‘జే సోర్తి ల షియాన్’. కారు లోపల పెట్టాను ‘జే రాంత్రే లా వొత్యుర్’. దిగు-దించు, ఎక్కు-ఎక్కించు అని మనకి రెండు క్రియలున్నచోట వాళ్ళు ఒకే క్రియ ఉంచుకుని పక్కన సహాయక క్రియ మారుస్తారు. తనంతట తాను జరిగితే ఎత్ర్, దేన్నైనా చేస్తే అవ్వార్. ఆరు క్రియలకి ఇది వర్తిస్తుంది: మోంతే, దెసాండ్ర్, సోర్తీర్, రాంత్రే, రెతూర్నే, పాసే. మెట్లు దిగాను అన్నప్పుడు కూడా, మెట్లు కర్మ కాబట్టి, ‘జే దెసాందు లెస్కాలియే’ అని అవ్వారే వస్తుంది, ఇది ఒక్కటి మన దిగు-దించు లెక్కకి అందదు.

ప్రశ్న: ‘వెయిట్ ఫర్’, ‘లుక్ ఫర్’ లో ఫర్ ఉంది కదా, ఫ్రెంచ్‌లో ‘పూర్’ పెట్టకూడదా? – తిరుపతి

పెట్టకూడదు. ‘జతాన్ ల బుస్’, ‘జె షెర్ష్ మే క్లే’. అతాండ్ర్, షెర్షే, రెగార్దే, ఎకూతే, దెమాందే, పేయే, ఈ ఆరింటికీ కర్మ నేరుగా వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. మనకీ ‘బస్సు కోసం’ అని ‘కోసం’ ఉంది కాబట్టి పూర్ పెట్టాలనిపించడం సహజం, ఇక్కడ రెండు భాషలూ కలిసి మనల్ని పక్కదారి పట్టిస్తాయి.

ఎదురుగా ఇంకో గుంపుంది, ఇంగ్లీష్‌లో నేరుగా, ఫ్రెంచ్‌లో ‘ఆ’ తో. ఫోన్ చెయ్యడం ‘తెలెఫొనే ఆ’, జవాబివ్వడం ‘రెపోండ్ర్ ఆ’. ఇక్కడ మన ‘కి’ బాగా పనికొస్తుంది, అమ్మకి ఫోన్ చేశా, ప్రశ్నకి జవాబిచ్చా. అయితే రెండు చోట్ల మాత్రం ‘కి’ని నమ్మొద్దు. అమ్మకి సాయం చేశా అంటాం కానీ ‘జేద్ మా మేర్’ లో ‘ఆ’ లేదు. అమ్మని అడిగా అంటాం కానీ ‘జె దెమాంద్ ఆ మా మేర్’ లో ‘ఆ’ ఉంది, ఎందుకంటే దెమాందేకి అడిగే వస్తువు నేరుగా వస్తుంది, అడిగే మనిషి ముందు మాత్రం ‘ఆ’ వస్తుంది.

ప్రశ్న: మాంట్రియల్ వచ్చి కొన్ని నెలలైంది. ఇక్కడ వాళ్ళు ‘ప్రాండ్ర్ యున్ మార్ష్’, ‘తోంబే ఆన్ అమూర్’ అంటున్నారు, నా టీచర్ మాత్రం ఇవి ఇంగ్లీష్ లోంచి వచ్చిన తప్పులు అంటారు. ఎవరిని నమ్మాలి? – మాంట్రియల్ నుంచి ఒక పాఠకురాలు

మీ చుట్టూ ఉన్నవాళ్ళ మాటని తప్పు అనకండి. నడకకెళ్ళడానికి ఫ్రాన్స్‌లో ‘సె ప్రొమ్నే’ అంటారు, ప్రేమలో పడటానికి ‘తోంబే అమూరె’. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో మీరు విన్నవి టేక్ ఎ వాక్, ఫాల్ ఇన్ లవ్ పోలికలో ఉన్న మాట నిజమే, కానీ అక్కడ అందరూ వాడే మాటలు. టెఫ్, టీసీఎఫ్ లాంటి పరీక్షలకి ఫ్రాన్స్ రూపాలు రాయండి, పక్కింటావిడతో ఆవిడ మాటే మాట్లాడండి. పైగా ఇంగ్లీష్‌ని అడ్డుకోవడంలో క్యూబెక్ వాళ్ళకున్న పట్టుదల ఫ్రాన్స్‌లో కనపడదు. 1961 నుంచి అక్కడ ఫ్రెంచ్ భాష కోసం ఒక ప్రభుత్వ సంస్థే ఉంది, 1977లో ఫ్రెంచ్ భాషా చట్టం తెచ్చారు. పారిస్‌లో ‘ఫేర్ ద్యు షాపింగ్’ అంటుంటే మాంట్రియల్‌లో ‘మగజినే’ అని అచ్చమైన ఫ్రెంచ్ క్రియ. ఆన్‌లైన్ చాటింగ్‌కి ‘క్లవార్దే’, అంటే కీబోర్డు, కబుర్లు రెండు మాటలూ కలిపి. ఈమెయిల్‌కి క్యూబెక్‌లో వాడే ‘కూరియెల్’ని 2003లో ఫ్రాన్స్ ప్రభుత్వం కూడా తన ఆఫీసు రాతల్లోకి తీసుకుంది. మన భాషలోనూ ఇలా కొత్త క్రియలు పుట్టించుకుని ధైర్యంగా వాడితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో చదువుతున్నా. ‘ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ కి ‘జే అబితే’ అని రాస్తే ఇప్పుడు ఉండట్లేదా అని అడిగారు. – లియోన్

మీరు రాసిందాన్ని బట్టి వాళ్ళు అడిగింది న్యాయమే. ‘రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా’, ఉంటున్నా అనేది వర్తమానం. ‘జబీత్ ఇసి దెప్వీ దె జాన్’, అదీ వర్తమానమే. దెప్వీ అంటే ‘గా’, ‘నుంచి’.

ప్రశ్న: పార్తీర్, కితే, లేసే మూడూ ‘లీవ్’ ఏనా? ఇంకా ‘ఫోన్ పనిచేయట్లేదు’కి త్రవాయే వాడొచ్చా? – కరీంనగర్

పార్తీర్ వెళ్ళిపోవడం, దానికి కర్మ ఉండదు. కితే విడిచి వెళ్ళడం, ఏ ఊరినో ఎవరినో విడిచారో చెప్పి తీరాలి, ఒట్టిగా ‘జే కితే’ అంటే వాక్యం సగంలో ఆగిపోయినట్టుంటుంది. లేసే వదిలిపెట్టడం, తాళాలు టేబుల్ మీద వదిలేశా అన్నట్టు. ఇక త్రవాయే మనుషులు చేసే పనికి. ఫోన్‌కి ‘మార్షే’, అంటే నడవడం, ‘మోన్ తెలెఫోన్ నె మార్ష్ పా’. మీరు బండి నడుస్తలేదు అంటారు కదా, అదే. ఎవరైనా ఏదైనా అడిగితే సరే అనడానికి ‘సా మార్ష్’ అంటారు, మీ ‘నడుస్తది’ లాగే.

ప్రశ్న: ‘పాసే అన్ ఎగ్జామాన్’ అంటే పాసయ్యా అనే కదా? నా డెల్ఫ్ బీ2 (ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష, బీ2 దాని స్థాయి) గురించి రెజ్యూమెలో అలాగే రాశా. – బెంగళూరు

కాదండీ, వెంటనే మార్చండి. అది పరీక్షకి కూర్చున్నా అని మాత్రమే, ఫలితం ఏమైందో అందులో లేదు. పాసవ్వడం ‘రేయుసీర్’. ‘పరీక్ష రాశా’ అంటాం కాబట్టి ‘ఎక్రీర్’ అని కూడా రాస్తుంటారు కొందరు, అదీ కుదరదు. రెజ్యూమెలో ఇవేమీ లేకుండా డెల్ఫ్ బీ2 అని, పక్కన సంవత్సరం వేస్తే సరిపోతుంది.